కేటాయింపుల వరుస, చెల్లింపుల వరుస: తెలంగాణ బడ్జెట్‌లో వ్యయ ప్రాధాన్యాలు

రాష్ట్ర ప్రభుత్వ ప్రాధాన్యాలను అంచనా వేయడానికి పత్రికలూ ప్రతిపక్షాలూ, తరచుగా పరిశోధకులూ శాఖలవారీ కేటాయింపుల పట్టికనే ఆధారం చేసుకుంటారు. ఏ శాఖకు నిరుటికన్నా ఎంత పెరిగింది, మొత్తంలో ఎంత శాతం దక్కింది అన్న లెక్క తేలగానే చర్చ ముగుస్తుంది. అయితే కేటాయింపు అన్నది ఫలానా పనికి ఇంతవరకు ఖర్చు చేయవచ్చునని శాసనసభ ఇచ్చే అనుమతే తప్ప, ఆ ఖర్చు జరిగి తీరాలన్న ఆదేశం కాదు. ఖజానాకు వచ్చిన నగదును ఏడాది పొడవునా ఎవరికి ముందు, ఎవరికి తర్వాత చెల్లిస్తున్నారో చూసినప్పుడే అసలు ప్రాధాన్యం బయటపడుతుందనడానికి తెలంగాణ అనుభవం మంచి నిదర్శనం.

రాజ్యాంగం 202వ అధికరణం బడ్జెట్‌ను వార్షిక ఆర్థిక నివేదిక అని పేర్కొంటూ, అందులోని వ్యయాన్ని రెండుగా విడదీసింది. రుణాలపై వడ్డీ, అసలు చెల్లింపు, గవర్నరు, హైకోర్టు న్యాయమూర్తుల వేతనాలు వంటివి రాష్ట్ర సంచిత నిధిపై నేరుగా పడే ఖర్చులు. వీటిపై సభలో చర్చ జరగవచ్చు గానీ ఓటింగు ఉండదు. మిగిలినవన్నీ పద్దుల రూపంలో సభ ముందుకు వచ్చి, ఆమోదం పొంది, ద్రవ్య వినిమయ చట్టంగా మారతాయి. ఆ తర్వాత కూడా డబ్బు శాఖ చేతికి రాదు. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు, అంటే ఉద్యోగుల వాడుకలో బీఆర్వో, ఇచ్చినప్పుడే సంబంధిత పద్దు కింద బిల్లు పెట్టడానికి వీలవుతుంది. సభలో రోజుల తరబడి చర్చించిన పద్దు ఈ ఒక్క ఉత్తర్వు కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి రావడం, ఆ నిర్ణయంపై సభలో చర్చే లేకపోవడం మన ఆర్థిక పాలనలో అంతగా పట్టించుకోని విషయం.

2025-26 తెలంగాణ బడ్జెట్ మొత్తం ₹3,04,965 కోట్లు. ఇందులో జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల వంటి నిత్య ఖర్చులతో కూడిన రెవెన్యూ వ్యయం ₹2,26,982 కోట్లు. ప్రాజెక్టులు, రోడ్లు, భవనాల వంటి స్థిరాస్తులను సమకూర్చే మూలధన వ్యయం ₹36,504 కోట్లు, అంటే మొత్తంలో దాదాపు 12 శాతం. మిగిలిన ₹41 వేల కోట్లకు పైగా మొత్తం ప్రధానంగా పాత అప్పుల అసలు తీర్చడానికీ, వివిధ సంస్థలకు ఇచ్చే రుణాలకూ పోతుంది. ఈ అంచనాలన్నీ ఏడాది మొత్తానికి వేసినవి. రాబడి మాత్రం నెలవారీగా, హెచ్చుతగ్గులతో వస్తుంది. రాబడికీ చెల్లింపులకూ మధ్య ఏర్పడే ఎడం పూడ్చడానికి రిజర్వు బ్యాంకు నుంచి తీసుకునే స్వల్పకాలిక సర్దుబాటునే చేబదులు అంటారు. దాని పరిమితి దాటితే ఓవర్‌డ్రాఫ్ట్; వరుసగా 14 పనిదినాలకు మించి అందులో ఉంటే రాష్ట్రం తరఫున చెల్లింపులు నిలిచిపోయే నిబంధన ఉంది. అందుకే సాధారణంగా మంగళవారాల్లో రిజర్వు బ్యాంకు నిర్వహించే రాష్ట్రాల బాండ్ల వేలం మీద ఆర్థిక శాఖ దృష్టి అంతగా ఉంటుంది.

ఈ ఒత్తిడిలో చెల్లింపుల వరుస దానంతటదే ఏర్పడుతుంది. వడ్డీ ఒక్క రోజు కూడా ఆగదు. ఒకటో తారీఖు దాటితే జీతాల ఆలస్యం పతాక శీర్షిక అవుతుంది. ఆ వెంటనే ఉండేవి, లబ్ధిదారుడి ఖాతాలో ఫలానా రోజున పడతాయని ప్రకటించిన నగదు పథకాలు. రైతుబంధు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ: 2018-19లో ₹12,000 కోట్ల కేటాయింపుతో, ఎకరాకు సీజనుకు ₹4,000 చొప్పున మొదలైన ఈ పథకం సాయం మరుసటి ఏడాది ₹5,000కు పెరిగింది, తర్వాతి ప్రభుత్వం రైతుభరోసా పేరుతో దాన్ని ₹6,000 చేసి, 2025-26 బడ్జెట్‌లో ₹18,000 కోట్లు చూపింది. ఇంత ప్రాధాన్యం ఉన్న పథకంలోనూ నగదు కొరత తన ముద్ర వేసింది. మొదట ఎకరం లోపు వారికి, ఆపైన రెండెకరాల వారికి, ఆ తర్వాత మూడెకరాల వారికి అంటూ సొమ్ము జమ చేసే పద్ధతి చిన్న రైతుకు ముందుగా అందించే న్యాయంగా కనిపిస్తుంది, కొంతవరకు అది నిజమే కూడా. కానీ ఒక్కరోజులో వేల కోట్లు సమకూర్చుకోలేని ఖజానాకు అది గడువు సంపాదించే ఉపాయం కూడా. 2024లో రుణమాఫీని జూలై 18న లక్ష రూపాయల వరకు, జూలై 30న లక్షన్నర వరకు, ఆగస్టు 15న రెండు లక్షల వరకు అని మూడు విడతలుగా చేయడంలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది.

కేటాయింపును మాత్రమే చూసి ప్రాధాన్యాన్ని నిర్ణయిస్తే ఎంత పొరపాటు జరుగుతుందో దళితబంధు చూపుతుంది. కుటుంబానికి ₹10 లక్షల చొప్పున ఇచ్చే ఈ పథకానికి 2022-23లోనూ, 2023-24లోనూ ₹17,700 కోట్ల చొప్పున చూపారు. ఆ లెక్కన ఏడాదికి 1,77,000 కుటుంబాలకు సాయం అందాలి. అమలు దానికి చాలా దూరంలోనే ఆగిపోయింది. రెండో ఏడాది కూడా అదే అంకె యథాతథంగా పునరావృతం కావడం, బడ్జెట్ పత్రం అంచనాగా కాక ప్రకటనగా మారిందనడానికి తగిన సూచన.

వరుసలో చివర ఉండేవారిని గుర్తించడం కష్టం కాదు. బోధన రుసుముల పథకం కింద కళాశాలకు రావలసిన సొమ్ముకు బిల్లు పాసై, టోకెన్ నంబరు వస్తుంది. యాజమాన్యం చేతిలో ఆ నంబరు ఉంటుంది గానీ ఖాతాలో డబ్బు ఉండదు, ఆ ఆలస్యం చివరకు విద్యార్థి ధ్రువపత్రాల మీద పడుతుంది. పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం, రైతు వేదిక వంటి పనులు అప్పు తెచ్చి పూర్తి చేసిన సర్పంచుల పెండింగ్ బిల్లులు వారి పదవీకాలం ముగిశాక కూడా వివాదంగానే మిగిలాయి. బడి వంట కార్మికుల కోడిగుడ్ల బిల్లులదీ ఇదే దారి. వీరెవరి పద్దుకూ కేటాయింపు లేకపోలేదు. వీరికి చెల్లింపు ఆగితే వేలం విఫలం కాదు, జీతాలు ఆగవు. అందువల్ల సర్దుబాటు భారమంతా వీరి మీదికే జారుతుంది.

చెల్లింపును కూడా చట్టంతో కట్టడి చేసే ప్రయత్నం లేకపోలేదు. షెడ్యూల్డ్ కులాలు, తెగల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్న 2013 నాటి ఉపప్రణాళిక చట్టం స్థానంలో తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టాన్ని తెచ్చి, ఖర్చు కాని మొత్తాన్ని తర్వాతి ఏడాదికి బదలాయించే ఏర్పాటు చేసింది. ఉద్దేశం సరైనదే, కానీ బదలాయించిన మొత్తం కూడా మళ్లీ అదే విడుదల ఉత్తర్వు కోసం ఆగవలసిందే కాబట్టి, నగదు కొరతకు ఈ ఏర్పాటులో సమాధానం లేదు.

ఇక్కడ పరిశోధకుడికి ఒక సాంకేతికమైన చిక్కు ఎదురవుతుంది. ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో సాగుతాయి. అంటే పని జరిగిన రోజు కాక, డబ్బు చెల్లించిన రోజే ఖర్చు నమోదవుతుంది. అందువల్ల మార్చి 31 నాటికి ఆగిపోయిన బిల్లు ఆ ఏడాది వ్యయంలో కనిపించదు, లోటు అంకెను అంతమేరకు తక్కువగా చూపిస్తుంది. ఏప్రిల్ తర్వాత చెల్లించినప్పుడు కొత్త ఏడాది కేటాయింపును తింటుంది. కాగ్ నెలవారీ గణాంకాలు, ఆర్థిక ఖాతాలు ఖర్చయిన మొత్తాన్ని చెబుతాయి. టోకెన్ పొంది ఆగి ఉన్న బిల్లులు శాఖలవారీగా ఎన్ని, ఎంతకాలంగా ఆగాయి అన్న వివరం మాత్రం సభకు సమర్పించే బడ్జెట్ సంపుటాలలో భాగం కాదు.