బ్రేకులు రిపేర్ చేయించినా పట్టడం లేదా? లోపం ఎక్కడుందో లివరే చెప్పేస్తుంది!

కొత్త ప్యాడ్లు వేశారు.. మాస్టర్ సిలిండర్ కిట్ మార్చారు.. బ్రేక్ ఆయిల్ కూడా కొత్తదే పోశారు. అయినా లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, బండి మాత్రం ఆగట్లేదు. డిస్క్ బ్రేకుల బైకులు, ఆటోల నుంచి నాలుగు చక్రాల ఏటీవీల వరకు రిపేర్ తర్వాత తరచూ వచ్చే సమస్య ఇది. వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచి జూరాల డ్యామ్ మీదుగా గద్వాల వెళ్లాలన్నా, నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమల ఘాట్ దిగి శ్రీశైలం చేరాలన్నా ఇలాంటి బండితో బయల్దేరడం ప్రాణాలతో చెలగాటమే. అలాగని మళ్లీ కొత్త సామాన్లు కొనాల్సిన పనిలేదు. ముందుగా లివర్ ఎలా ఉందో చూడాలి.

స్పాంజిలా మెత్తగా ఉందా?

లైన్‌లో గాలి చిక్కుకుందని అర్థం. ద్రవాన్ని నొక్కితే అది కుదించుకుపోదు, ఆ ఒత్తిడి నేరుగా చక్రం దగ్గరి పిస్టన్‌కు చేరుతుంది. గాలి మాత్రం కుదించుకుపోతుంది. దాంతో మనం నొక్కిన బలమంతా గాలి బుడగకే ఖర్చవుతుంది.

గాలి తీసేటప్పుడు లివర్ నొక్కి పట్టుకోవాలి. బ్లీడర్ నిపుల్ కొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగించాకే లివర్ వదలాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేయాలి. మధ్యలో ఆయిల్ డబ్బా ఖాళీ అయితే మళ్లీ గాలి దూరి పని మొదటికి వస్తుంది.

ఎన్నిసార్లు తీసినా గాలి పోవట్లేదంటే నిపుల్ ఎటువైపు ఉందో చూడాలి. గాలి పైకి చేరుతుంది కాబట్టి నిపుల్ కూడా క్యాలిపర్ పైభాగంలోనే ఉండాలి. ఏటీవీలో ముందు క్యాలిపర్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మారితే నిపుల్ కిందికి వచ్చేస్తుంది. అప్పుడు లీటర్ల కొద్దీ ఆయిల్ పోసినా ఫలితం ఉండదు. పాత రబ్బరు హోస్ నొక్కినప్పుడు ఉబ్బినా లివర్ ఇలాగే మెత్తగా ఉంటుంది.

రెండు మూడుసార్లు కొడితేనే పడుతోందా?

ప్యాడ్‌కు, డిస్క్‌కు మధ్య దూరం ఎక్కువగా ఉండొచ్చు. డిస్క్ వంకరపోయినా, వీల్ బేరింగ్ లూజైనా ప్యాడ్లు వెనక్కి నెట్టుకుపోతాయి. డ్రమ్ బ్రేకులైతే లైనర్ల అడ్జస్ట్‌మెంట్ చూసుకోవాలి.

నొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోందా?

ఎక్కడో లీకేజీ ఉండాలి, లేదంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ దాటి ఆయిల్ వెనక్కి పోతుండాలి. హోస్ బోల్టుల దగ్గర పాత రాగి వాషర్లే మళ్లీ వేస్తే అక్కడి నుంచి చెమ్మ కారొచ్చు. ఇంకో పొరపాటు కూడా ఉంది. బ్రేక్ భాగాలను పెట్రోల్, డీజిల్‌తో కడిగితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. వీటిని బ్రేక్ క్లీనర్‌తోనో, కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో మాత్రమే కడగాలి.

లివర్ గట్టిగా ఉన్నా బండి ఆగట్లేదా?

ఇది గాలి సమస్య కాదు. ప్యాడ్లకు గ్రీజు, ఆయిల్ అంటుకుని ఉండొచ్చు. పిస్టన్ లేదా స్లైడ్ పిన్ పట్టేసి ఉండొచ్చు. వేరే బండి మాస్టర్ సిలిండర్ బిగించి, దాని బోర్ పెద్దదైతే లివర్ గట్టిగానే ఉంటుంది కానీ చక్రం దగ్గర బలం తగ్గిపోతుంది. కొత్త ప్యాడ్లు డిస్క్‌కు సర్దుకోవడానికీ కొంత సమయం పడుతుంది. అందుకే ఖాళీ రోడ్డుపై ఓ మోస్తరు వేగంతో వెళ్తూ, పూర్తిగా ఆపకుండా పలుమార్లు నెమ్మదిగా బ్రేక్ వేయాలి.

ఏ ఆయిల్ పోయాలి?

డబ్బా మూతపై ఏది రాసి ఉంటే అదే. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక ఈ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డులో ఆపకుండా బ్రేక్ తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, బ్రేక్ ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. అందుకే ఎప్పుడో మూత తీసి వదిలేసిన సీసాలో మిగిలిన ఆయిల్ వాడకూడదు. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5ను వీటితో అస్సలు కలపొద్దు.

రోడ్డెక్కే ముందు ఇది తప్పనిసరి!

లివర్‌ను అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోవాలి. అది కిందికి దిగకూడదు, ఎక్కడా చెమ్మ కనిపించకూడదు. తర్వాత చదునైన చోట నడక వేగంతో బండి ఆపి చూడాలి. ఏబీఎస్ ఉన్న బండికి మామూలు పద్ధతిలో గాలి పోకపోతే స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. లివర్ గట్టిపడి, బండి ఆగుతోందని తేలేదాకా దాన్ని రోడ్డు మీదికి తీయొద్దు.