ఒక ప్రమేయమా, రెండు ప్రమేయములా?

బిగించిన తీగను నడుమ పట్టి లాగినచో రెండు సరళరేఖలు ఒక కోణమున కలిసిన ఆకారము ఏర్పడును. దీనిని ఒకే ప్రమేయమనవచ్చునా? 18వ శతాబ్దపు గణితజ్ఞులను ఈ ప్రశ్న విడదీసినది.

1747లో తీగ కంపన సమీకరణమును సాధించిన డాలంబేర్, ఒకే సూత్రమునకు లోబడని ఆకారమునకు తన సాధన వర్తింపదనెను. ఆయిలర్ అంగీకరింపలేదు. తీగను మీటువాడు దానికి ఏ ఆకారమునైనను ఈయవచ్చును గదా! అయినను, గీత ఎక్కడను తెగకున్నను, ముక్కముక్కకు సూత్రము మారు వక్రమును ఆయనయు విచ్ఛిన్నమనియే పిలిచెను.

1837లో డిరిక్లే, 'య' యొక్క ప్రతి విలువకు ఒకే ఫలితము లభించిన చాలుననియు, అంతటను ఒకే నియమము అక్కరలేదనియు స్పష్టపరచెను. 1844లో కోషీ పాత విభజనయే నిలువదని చూపెను. 'య' ధనమైనపుడు య, ఋణమైనపుడు −య: ఇవి రెండు సూత్రములు. 'య' వర్గమునకు ధన వర్గమూలమన్నచో అదియే ఒక్క సూత్రము!

కావున రేఖాచిత్రము గీయు విద్యార్థి సూత్రములను లెక్కింపనక్కరలేదు. ముక్కలు మారుచోట, విలువ చెందిన కొనకు నిండు చుక్కను, చెందని కొనకు బోలు చుక్కను పెట్టవలెను. ఒకే నిలువు గీతపై రెండు నిండు చుక్కలు పడినచో అది ప్రమేయమే కాదు.