తోడు వచ్చిన వారికి కూడా చోటు



కొన్నేళ్ల క్రితం పత్తి పోయిన ఏడాది మన సంఘంలో ఒక సహోదరుడు చనిపోయాడు. అప్పులవాళ్లు ఇంటి చుట్టూ తిరుగుతున్న రోజులవి. మనమందరం వెళ్లాం. పెట్టెకు డబ్బు పోగు చేశాం, సమాధి చేశాం, వారం రోజులు ఆ ఇంట్లో ప్రార్థన పెట్టాం. నా పరిచర్య అయిపోయిందనుకున్నాను.

సంక్రాంతి దాటాక ఒక తెల్లవారుజామున మిరపకోత కూలీల ఆటో నా పక్కనుంచి వెళ్లింది. అంచున ఆ సహోదరుడి పెద్దకూతురు కూర్చుని ఉంది. ఒంటిమీద వాళ్ల నాన్న చొక్కా. "అయ్యగారూ, వందనాలండీ" అంది నవ్వుతూ. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిందని అప్పుడు తెలిసింది. ఆ పిల్లను ఎవరూ బడినుంచి వెళ్లగొట్టలేదు. అడిగినవాళ్లే లేరు. వారం రోజులు ఆ ఇంట్లో ప్రార్థన చేసిన నేను కూడా అడగలేదు.

ఆ ఉదయం నన్ను వదల్లేదు. అందుకే ఈ రోజు మన గుంటూరు చరిత్రలోంచి కొందరిని మీకు గుర్తుచేయాలనుకుంటున్నాను.

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి మనలో చాలామందికి తెలుసు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు అక్కడ పురుడు పోసుకున్నవాళ్లే. ఆ పేరు వెనుక ఉన్న మనిషి అన్నా సారా కుగ్లర్ గారు. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. 1879లో వైద్యవిద్య పూర్తిచేశారు. 1883లో, ఇరవై ఏడేళ్ల వయసులో, లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు.

అయితే ఆమెను డాక్టరుగా పంపలేదు. స్త్రీల మధ్య బోధించడానికి, చదువు చెప్పడానికి పంపారు. ఇక్కడికి వచ్చి చూస్తే ఇళ్లలో స్త్రీలు పురుళ్ల నొప్పులతో, జ్వరాలతో పడి ఉన్నారు. మగ డాక్టరు ముందుకు రావడం వాళ్లకు మర్యాద కాదు, ఆడ డాక్టరు లేదు. చదువు చెప్పడానికి వెళ్లిన చోట ఆమె నాడి పట్టుకోవలసి వచ్చింది. చివరకు 1885లో మిషన్ ఆమెను వైద్య పరిచర్యకు నియమించింది.

మొదట్లో ఆమెను చాలా ఇళ్లవారు మైలగా చూశారు. పరదేశి, మన కులం కాదు, తాకితే అంటు అన్నారు. అంటరానితనం ఎలా ఉంటుందో మన పెద్దలకు వేరే చెప్పనక్కర్లేదు. ఆమె వాదించలేదు, వెనక్కి వెళ్లలేదు. పిలిచిన ఇంటికల్లా వెళ్లారు. 1893లో డిస్పెన్సరీ తెరిచారు. 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. వచ్చింది మొదలు 1930లో గుంటూరులోనే కన్నుమూసే వరకు, అంటే దాదాపు నలభై ఏడేళ్లు, ఆమె సేవ ఇక్కడి కోసమే. ఆమెతో పాటు రాత్రిళ్లు మేలుకున్న తెలుగు నర్సులు, ఆయాలు ఎందరో ఉన్నారు. వారి పేర్లు మనకు తెలియవు, దేవునికి తెలుసు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆపింది ఒక సత్రం. ఏలూరు రాజా భుజంగరావు గారు తన ఇంటివారికి డాక్టరమ్మ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. అది రోగుల కోసం కాదు, రోగుల వెంట వచ్చిన బంధువుల కోసం. ఆలోచించండి. పురిటికి వచ్చిన తల్లికి లోపల మంచం ఉంది. తోడు వచ్చిన అత్తగారు ఎక్కడ పడుకోవాలి? చంటిపిల్లకు గంజి ఎక్కడ కాచాలి? మంచం మీద ఉన్నవారిని చూడటం కనికరం. మంచం పక్కన కూర్చున్నవారిని కూడా లెక్కలో పెట్టుకోవడం ఇంకొక మెట్టు. మన సంఘంవాడు కాని ఒక మనిషి ఆ మెట్టు ఎక్కాడు.

అదే గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1902లో వితంతువుల కోసం శరణాలయం స్థాపించారు. "మాలపల్లి" నవల రాసింది ఆయనే. భర్త పోయిన అమ్మాయికి ఆ రోజుల్లో నలుగురూ వచ్చి ఏడ్చేవారు, తర్వాత ఆమె ఒక మూలకు పరిమితం. ఆ మూలనుంచి ఆమెను లేపి ఒక కప్పు కింద నిలబెట్టాలనుకున్నారు ఆయన. 1922లో ఆయన, భార్య లక్ష్మీబాయమ్మ గారు కలిసి ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. ముందు నీడ, తర్వాత చదువు. జాలి అక్కడితో ఆగితే ఆ మనిషి మళ్లీ పడిపోతుందని వాళ్లకు తెలుసు.

ప్రియులారా, మంచి సమరయుని ఉపమానం మనకు కంఠతా వచ్చు. గాయాలు కట్టడం దగ్గరే మనం ప్రసంగం ముగించేస్తాం. కానీ ఆయన అక్కడ ముగించలేదు. గాయపడినవాణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, మరునాడు డబ్బు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. యేసుప్రభువు చెప్పిన పొరుగువాడికి మరునాడు కూడా ఉంది. నా పరిచర్యలో లేనిది ఆ మరునాడే.

అందుకని ఇకమీదట మన సంఘంలో ఎవరింట్లో మరణం జరిగినా, నలభైయవ రోజున ఇద్దరు అక్కలు, ఒక పెద్ద ఆ ఇంటికి వెళ్లాలి. ప్రార్థనతో పాటు మూడు సంగతులు అడగాలి. వితంతు పింఛనుకు అర్జీ పెట్టారా? అప్పు ఎవరిది, ఎంత? పిల్లలు బడికి వెళ్తున్నారా? బడి మానేసిన ఆడపిల్లల కోసం ప్రభుత్వ కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి, వెళ్లి చేర్పించేవాళ్లు కావాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181 నంబర్లు చర్చి గోడమీద రాయిస్తున్నాను.

ఆ పిల్ల సంగతి అడుగుతారు. ఇప్పుడు తనకు పెళ్లయింది, బడికి తిరిగి వెళ్లలేదు. తన చెల్లెలు మాత్రం హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. అక్క దగ్గర ఆలస్యమైన సంఘం చెల్లెలి దగ్గరైనా మేలుకుంది. అది మన గొప్ప కాదు, దేవుని ఓర్పు.

ప్రభువా, ఏడ్చే ఇంటికి వెళ్లే కాళ్లు ఇచ్చావు, స్తోత్రం. మరునాడు మళ్లీ ఆ ఇంటికే వెళ్లే మనసు కూడా ఇవ్వు. ఆమెన్.