బొమ్మ కింద రాసిన పేరు

యుద్ధకాలపు పోస్టుకార్డులు సేకరించేవాళ్ళకి ఒకటే పట్టు. అసలుదా, నకలుదా? 1914-18 యుద్ధంలో మన సిపాయిల బొమ్మలతో వచ్చిన కార్డులకి గిరాకీ ఉంది కాబట్టి నకళ్ళూ పుట్టాయి. ఆ పట్టు తప్పు కాదు. కాని మా ముస్లింల మాటకొస్తే అసలు కార్డు చేతికొచ్చాక కూడా ఆ ప్రశ్న తీరదు. అసలు కాగితం మీదే మా గురించి నకిలీ మాట అచ్చయి ఉంటుంది.

ముందు కాగితం సంగతి. భూతద్దం పెట్టి చూడండి. నిజమైన ఫోటో కార్డులో నలుపూ తెలుపూ పొగలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, చుక్కలుండవు. ఆ రోజుల్లో ప్రెస్సులో అచ్చేసినవైతే చుక్కల వరసలో, కోలోటైపు పద్ధతిదైతే ముడతలుపడ్డ తోలులాంటి సన్నని గరుకో కనిపిస్తుంది. నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు పువ్వుల్లా గుమిగూడి ఉన్నాయా, పైకి ఎంత మాసిన గోధుమరంగులో ఉన్నా అది తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చే. కార్డుని వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే పాత ఫోటోల నల్లటి భాగాల్లో, అంచుల్లో వెండి మెరుపు తేలుతుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద కాగితం నీలంగా వెలిగిందంటే తెల్లదనం కోసం కలిపే రసాయనం అందులో ఉన్నట్టు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతే అది కాగితాల్లో మామూలైంది. కొలతా చూడాలి. పాతవి సుమారు 9 సెంటీమీటర్లకి 14. అన్నిటికన్నా నాకు నచ్చే పరీక్ష వేలితో చేసేది. బొమ్మలో మడత కంటికి కనబడుతుంది, వేలికి తగలదు. అంటే మడతపడ్డ అసలుని ఫోటో తీసి మడతతో సహా అచ్చేశాడన్నమాట! టీ నీళ్ళలో ముంచి ముసలితనం తెప్పించినవీ ఉంటాయి. వాటికి వయసు అన్ని వైపులా ఒకేలా వస్తుంది.

ఈ పరీక్షలన్నీ గట్టెక్కిన కార్డులో ఇప్పుడు బొమ్మ కింది రాత చదవండి.

1914 నవంబరులో ఉస్మానియా సుల్తాను ఖలీఫా హోదాలో జిహాద్ ప్రకటించాడు. దాని వెనక జర్మనీ ప్రోద్బలం ఉంది. శత్రుసైన్యాల నుంచి పట్టుబడ్డ ముస్లిం సిపాయిల్ని తమవైపు తిప్పుకోడానికి జర్మన్లు బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డోర్ఫ్‌లో 'నెలవంక శిబిరం' పెట్టారు. 1915 జులైలో అందులో చెక్కతో మసీదు కట్టారు. జర్మన్ గడ్డ మీద నమాజు కోసం కట్టిన మొదటి మసీదు అదే. గుమ్మటం, మీనారు, వరసకట్టిన నమాజీలు అన్నీ కార్డులకెక్కాయి. కైజర్ ఇస్లాంకి దోస్తు అని చెప్పడానికి! యుద్ధమయ్యాక ఆ దోస్తీకి పనిలేకపోయింది. మసీదు శిథిలమైతే కూల్చేశారు.

బ్రిటిషువాళ్ళేం తక్కువ తినలేదు. బ్రైటన్‌లో రాజులు కట్టుకున్న పెవిలియన్‌ని ఇండియా సిపాయిల ఆస్పత్రి చేసి, గుమ్మటాల కింద మంచాల మీద పడుకున్న క్షతగాత్రుల బొమ్మలు కార్డులేశారు. ముస్లిం శవాలకి ఇంగ్లండులో సరైన జనాజా లేదని జర్మన్లు ప్రచారం చేస్తే, వోకింగ్ మసీదు దగ్గర్లో గుమ్మటాలతో కబరస్తాన్ కట్టించారు. మయ్యత్ కూడా ప్రచారంలో పావే అయింది.

ఫ్రెంచి కార్డులు ఇంకో తీరు. మార్సెయ్ రేవులో దిగిన మన పటాలాల కింద 'హిందూ సేనలు' అని వేశారు. ఆ రోజుల్లో వాళ్ళ మాటలో ఇండియా మనిషి ఎవరైనా 'హిందూ'యే. పంజాబీ ముసల్మానూ అంతే, సిక్కూ అంతే. ఒకే సిపాయి మార్సెయ్‌లో హిందూ, బ్రైటన్‌లో రాజభక్తుడు, వ్యూన్స్‌డోర్ఫ్‌లో ముజాహిద్. నీ పేరేంటని మాత్రం ఎవరూ అడగలేదు.

అప్రీదీ తెగ అన్నదమ్ముల కథ చూడండి. మీర్ మస్త్ 1915 మార్చిలో తన మనుషులతో జర్మన్ల వైపు వెళ్ళిపోయాడు. మీర్ దస్త్ ఏప్రిల్‌లో ఈప్ర్ దగ్గర చూపిన తెగువకి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు. బ్రైటన్ ఆస్పత్రి ఆవరణలో అయిదో జార్జి స్వయంగా తొడిగాడు. ఒకే ఇల్లు, ఒకే కలిమా. ముసల్మాను మనసు ఎటో ముందే తెలుసనేవాళ్ళు ఈ ఇంటిని ఏ కార్డులో ఇరికిస్తారు?

మనదగ్గరా అంతే. ఇస్తాంబుల్ ఖలీఫా జిహాద్ అంటే, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషువాళ్ళ పక్షాన నిలబడమని ముస్లింలకి పిలుపిచ్చాడు. యుద్ధమయ్యేసరికి ఆయనకి బిరుదులొచ్చాయి. సిపాయికేమొచ్చింది?

ఆ శిబిరంలోనే 1915 చివర్నుంచి జర్మన్ పండితులు ఖైదీల గొంతులు రికార్డు చేశారు. భాషలు నేర్చుకోడానికి వాళ్ళకి పేరూ ఊరూ కావాల్సొచ్చాయి, ఫారాలు నింపారు. బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో ఆ గొంతులు నేటికీ ఉన్నాయి. శిబిరం దగ్గర ట్సేరెన్స్‌డోర్ఫ్ శ్మశానంలో 206 మంది ఇండియా సిపాయిలున్నారు.

కొనేవాళ్ళకి ఇంకొక్క మాట. అమ్మకం కోసం తీసిన నకలు బొమ్మ వరకే ఉండి కింది రాత కత్తిరించి ఉంటే, అది ఎంత శుభ్రంగా ఉన్నా మాకు పనికిరాదు. మా మీద ఎవరు ఏ పేరు అతికించారో చెప్పే సాక్ష్యం ఆ అరంగుళం కాగితమే. కాపీ తీసుకుంటే అంచులతో సహా, వెనకవైపు ముద్రతో సహా తీసుకోండి.