ఆంగ్లంలోకి చేరిన తెలుగు, దక్షిణాది పదాలు

తెలుగు, తమిళం, మలయాళం, కన్నడ భాషల నుంచి ఆంగ్ల భాషలోకి కొన్ని పదాలు చేరాయి. వీటిలో అధిక భాగం 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం వరకు వర్తకం, భూమిశిస్తు పరిపాలనల ద్వారా వెళ్ళినవి. చాలా పదాలకు పోర్చుగీసు భాష మధ్యవర్తిగా నిలిచింది. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఈ పదాలు సూచించే వస్తువులు, కట్టడాలు నేటికీ నిత్యజీవితంలో కనిపిస్తాయి. అందువలన ఆంగ్లం నేర్చుకొనే ఈ ప్రాంత విద్యార్థులకు పదవ్యుత్పత్తి పరిశీలనకు ఇవి అనువైన ఉదాహరణలు.

నేపథ్యం

1801లో కర్ణాటక నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది. దానితో చిత్తూరు పరిసరాలు కంపెనీ పాలనలోకి వచ్చాయి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఈ పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉండేది. తెలుగు, తమిళ, కన్నడ భాషలు కలిసే ఈ సీమలో ఉద్యోగం చేసిన ఆంగ్లేయులు ఒక మాటను ఏ భాషీయుల నోట విన్నారో తేల్చటం చాలాసార్లు కష్టం. కనుకనే నిఘంటువులు ఒకే పదానికి తెలుగు రూపాన్నీ, తమిళ రూపాన్నీ పక్కపక్కనే చూపుతాయి. ఇటువంటి పదాలను సేకరించిన గ్రంథాలలో ప్రసిద్ధమైనది హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' (1886). రెవెన్యూ, న్యాయ పదాలకు హెచ్.హెచ్. విల్సన్ పదకోశం (1855), తెలుగు మాటల అర్థాలకు సి.పి. బ్రౌన్ నిఘంటువు (1852) ఉపకరిస్తాయి.

పందికొక్కు

తెలుగు నుంచే ఆంగ్లంలోకి వెళ్ళిందని నిఘంటుకారులు నిస్సందేహంగా చెప్పే పదాలు బహు తక్కువ. వాటిలో మొదట చెప్పవలసినది 'బ్యాండికూట్'. దీనికి మూలం 'పందికొక్కు'. 'కొక్కు' అనగా పెద్ద ఎలుక. పొలాలకు, ధాన్యపు కొట్లకు చేటు చేసే ఈ జంతువు పేరు శాస్త్రనామంలోకి కూడా చేరి 'బ్యాండికోటా ఇండికా' అయినది. తరువాత ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఆంగ్లేయులు అక్కడి ఒక చిన్న జంతువు చూడటానికి ఇలాగే ఉన్నదని దానికీ ఇదే పేరు పెట్టారు. నిజానికి అది కంగారు వలె పిల్లను సంచిలో పెంచే జాతికి చెందినది, ఎలుకతో దానికి బంధుత్వం లేదు. 1996లో వచ్చిన 'క్రాష్ బ్యాండికూట్' వీడియో గేములోని నాయకుడు ఈ ఆస్ట్రేలియా జంతువే. ఆ గేము ఆడే తెలుగు పిల్లలలో దాని పేరు తమ ఇంటి మాటేనని ఎరిగినవారు అరుదు.

సత్రం, తోపు, పాలెగాడు

తిరుపతిలో యాత్రికుల వసతి గృహాన్ని, పెళ్ళి మండపాన్ని 'చౌల్ట్రీ' అని వ్యవహరించటం సర్వసాధారణం. ఇది ఆంగ్లపదమని పలువురి అభిప్రాయం. అయితే దీని మూలాన్ని తెలుగు, మలయాళ భాషలలోని 'చావడి'లో చూపుతారు. అనగా మన చావడి ఆంగ్లేయుల నోట మారి, మరల మన వద్దకే కొత్త మాటగా వచ్చినది. దక్షిణ భారతదేశం వెలుపల ఈ పదం దాదాపు ఎవరికీ అర్థం కాదు. బయటివారికి వ్రాసేటప్పుడు ఒక్కసారి వివరణ ఇవ్వటం అవసరం.

మామిడితోపును పాత ఆంగ్ల రికార్డులలో 'టోప్' అన్నారు. ఇక్కడ చదువరి జాగ్రత్తపడాలి. 19వ శతాబ్దపు గ్రంథాలలో 'అమరావతి టోప్' అని కనిపిస్తే అది తోట కాదు, బౌద్ధ స్తూపం. ఆ టోప్‌కు మూలం 'స్తూప' శబ్దం. అక్షరక్రమం ఒకటే అయినా పుట్టుకలు వేరు.

'పాలిగార్' పదానికి మూలం పాలెగాడు, తమిళంలో పాళయక్కారన్. చిత్తూరు పాలెగాళ్ళ గురించి కంపెనీ కాలపు పత్రాలలో ఈ పదం తరచుగా వస్తుంది.

బెల్లం, చక్కెర

చిత్తూరు బెల్లానికి పేరు పొందిన ప్రాంతం. బెల్లానికి ఆంగ్లపదం 'జాగరీ'. సంస్కృత 'శర్కర' దక్షిణాది భాషల మీదుగా పోర్చుగీసులో 'జాగర'గా మారి అక్కడ నుంచి ఆంగ్లానికి చేరింది. అదే శర్కర పారశీక, అరబ్బీ భాషల మీదుగా ప్రయాణించి 'షుగర్' అయినది, గ్రీకు, లాటిన్ మార్గంలో వెళ్ళి 'సాకరిన్'కు మూలమైనది. మన 'చక్కెర' కూడా ఆ కుటుంబంలోనిదే. 'మ్యాంగో' సైతం తమిళ, మలయాళ రూపాల నుంచి పోర్చుగీసు ద్వారానే వెళ్ళినది. తెలుగు 'మామిడి'కి అందులో ప్రత్యక్ష పాత్ర లేదు.

పోలికను నమ్మరాదు

'క్యాష్' అనే ఆంగ్లపదం మన 'కాసు' నుంచి వచ్చినదని తరచు చెబుతుంటారు. ఇది సగమే నిజం. ఆంగ్లంలో రెండు క్యాష్‌లు ఉన్నాయి. నగదు అనే అర్థంలోని పదం పెట్టె అని అర్థమిచ్చే ఫ్రెంచి, ఇటాలియన్ మాటల నుంచి పుట్టినది. చిన్న నాణెం అనే అర్థంలోని పదం మాత్రమే పోర్చుగీసు ద్వారా కాసు నుంచి వచ్చినది. మద్రాసు కోసం ఇంగ్లండులో ముద్రించిన 1808 నాటి పది, ఇరవై క్యాష్ రాగి నాణేలను తెస్తూ 'అడ్మిరల్ గార్డనర్' అనే ఓడ 1809లో ఇంగ్లండు తీరంలోనే మునిగిపోయింది. ఆ నాణేల మీది క్యాష్ మన కాసే, బ్యాంకులో తీసుకొనే క్యాష్ కాదు. మాతృభాషాభిమానం మంచిదే గాని, ధ్వనిసామ్యం ఒక్కటే వ్యుత్పత్తికి ఆధారం కాజాలదు. పదం మొదట ఏ సంవత్సరంలో, ఏ అర్థంలో వ్రాతలో కనిపించినదో, మధ్యలో ఏ భాషలు ఉన్నాయో చూడాలి. 'గోడౌన్' సంగతి ఇంకా తేలలేదు. దీనికి దగ్గరి మూలం మలయ్ భాషలోని 'గుదాంగ్'. ఆ పదానికి తెలుగు 'గిడ్డంగి', తమిళ 'కిడంగు'లతో సంబంధం ఉండవచ్చునని పండితుల ఊహ.

వాడుకలో గమనించవలసినవి

మంచి ఆంగ్ల నిఘంటువులో ప్రతి పదానికి అర్థంతో పాటు పుట్టుక కూడా ఇస్తారు. దానిని దాటవేయకుండా చదివితే అక్షరక్రమం, బహువచనం గుర్తుండటం సులభం. ఉదాహరణకు ముంగిసను సూచించే 'మంగూస్' మరాఠీ 'ముంగూస్' నుంచి వచ్చినది, బాతుజాతికి చెందిన 'గూస్'తో దానికి సంబంధం లేదు. కనుక గూస్‌కు 'గీస్' బహువచనమైనా, మంగూస్‌కు 'మంగూసెస్' అనే వ్రాయాలి. గోడౌన్ భారత, ఆగ్నేయాసియా దేశాలలో చెల్లుతుంది, ఇంగ్లండు, అమెరికాలలో 'వేర్‌హౌస్' అనాలి. రాయలసీమ చెరువును 'ట్యాంక్' అని వ్రాస్తే విదేశీ పాఠకుడు నీళ్ళ తొట్టినో, యుద్ధ వాహనాన్నో ఊహించుకోవచ్చు. 'హుండీ' అన్నది ఆంగ్ల నిఘంటువులలో వర్తకుల చెల్లింపు పత్రం. తిరుమల ఆలయంలో కానుకలు వేసే హుండీ అనే అర్థంలో వాడినప్పుడు ఆ సంగతి వాక్యంలోనే తెలియజేయాలి.