సీటుకు కాలు తగిలితే

1989 సెప్టెంబరులో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంగతులు జరిగాయి. ఢిల్లీలో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి రాష్ట్రపతి సంతకం పడింది. అమెరికాలో 'ఎ డ్రై వైట్ సీజన్' అనే సినిమా విడుదలైంది. దక్షిణాఫ్రికా రచయిత ఆంద్రే బ్రింక్ 1979 నవల దానికి ఆధారం. దర్శకురాలు యూజాన్ పాల్సీ, మార్టినిక్ దీవి నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. హాలీవుడ్‌లో ఒక పెద్ద స్టూడియో నల్లజాతి స్త్రీ చేతికి సినిమా అప్పగించడం అదే మొదటిసారి.

కథ 1976 సొవెటోది. ఆఫ్రికాన్స్ భాషలో చదువు మాకొద్దని బడిపిల్లలు వీధుల్లోకొస్తే పోలీసులు కాల్చిన ఏడాది. బెన్ డు టాయ్ తెల్ల స్కూలు మాస్టరు, మంచోడు. అంటే తన దాకా రానంతవరకూ మంచోడు. ఆయన ఇంట్లో తోటపని చేసే గోర్డన్ కొడుకును పోలీసులు పట్టుకుపోతారు. పిల్లాడు తిరిగి రాడు. శవమన్నా ఇవ్వండని అడిగిన గోర్డన్‌నూ పట్టుకుపోతారు. లాకప్పులో ఉరేసుకున్నాడని చెప్తారు. ఇది చదువుతున్న తెలుగు పాఠకులకు ఆ ఆఖరి వాక్యం కొత్తగా ఏమీ ఉండదు.

ఇట్లాంటి సినిమాల మీద పాత ఫిర్యాదు ఒకటుంది. బాధ నల్లవాళ్లది, కథ మాత్రం తెల్లవాడిది. 1987లో అటెన్‌బరో తీసిన 'క్రై ఫ్రీడమ్' చూడండి: స్టీవ్ బీకో సినిమా మధ్యలోనే చనిపోతాడు, మిగతాదంతా తెల్ల పాత్రికేయుడు డొనాల్డ్ వుడ్స్ కుటుంబం దేశం దాటడం. అయినా దక్షిణాఫ్రికా ప్రభుత్వం దాన్ని కూడా భరించలేకపోయింది. సెన్సారు ఒప్పుకున్నాక, 1988 జులైలో ఆట మొదలైన రోజే పోలీసులు వచ్చి ప్రింట్లు ఎత్తుకుపోయారు.

పాల్సీకి ఈ ఫిర్యాదు తెలుసు. సినిమా తీయకముందు రహస్యంగా సొవెటో వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడింది. బెన్ కళ్లు తెరుచుకోవడం ఆమె సినిమాలో ఉంది, కానీ దానికి బహుమానం లేదు. భార్య దూరమవుతుంది, సొంత కూతురే పట్టిస్తుంది, చివరికి కారుతో గుద్ది చంపేస్తారు. అప్పుడు స్టాన్లీ, గోర్డన్ తరఫున మొదటి నుంచీ తిరుగుతున్న నల్ల టాక్సీ డ్రైవరు, ఆ పోలీసు కెప్టెన్‌ను కాల్చేస్తాడు. అది సరైన ముగింపేనా అని ఎవరైనా వాదించొచ్చు. ఎవరి మనసూ కరగదు అన్న మాట మాత్రం దాంట్లో ఖచ్చితంగా ఉంది.

మన దగ్గర మనసు కరుగుతుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' చూస్తే తెలుస్తుంది. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. అప్పటికి గాంధీ హరిజన యాత్ర అయిపోయి నాలుగేళ్లు. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం. ఆలయ ప్రవేశం మీద వాదాలు. ఆ వేడిలో, గుడి ధర్మకర్త సుందరరామశాస్త్రి కొడుకు మాలపిల్లను ప్రేమించడం తెరమీద చూపించాలంటే దమ్ము కావాలి, రామబ్రహ్మానికి అది ఉంది. బ్రాహ్మణులకు టికెట్ లేకుండా ప్రవేశం అని ప్రకటించారని సినిమా చరిత్రల్లో చెప్పుకునే ముచ్చట. చూసొచ్చి స్నానం చేసినవాళ్లూ ఉన్నారంటారు. కానీ కథను ముడి విప్పేది ఏది? మంటల్లో చిక్కిన శాస్త్రి భార్యను ఒక హరిజనుడు కాపాడతాడు. అప్పుడు శాస్త్రి మారతాడు, గుడి తలుపు తెరుచుకుంటుంది. గుళ్లోకి పోవడం హక్కు అయితే ప్రాణానికి తెగించి దాన్ని సంపాదించుకోవాల్సిన పని ఏముంది? ఎనభై ఏళ్లు దాటినా ఈ లెక్క మన సినిమాల్లో పెద్దగా మారలేదు.

తెర సంగతి పక్కనపెట్టి, తెర ముందు కూర్చున్నవాళ్లను చూద్దాం. తమిళనాట సినిమా హాలు అన్ని కులాలవాళ్లూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల అని విమర్శకుడు కార్తిగేసు శివతంబి అన్నాడు. మన సీమకూ ఆ మాట సరిపోతుంది. చెన్నేకొత్తపల్లి నుంచి ధర్మవరమో పెనుకొండో పోయి ఆట చూసొచ్చే మనిషికి హాల్లో నేల, బెంచీ, కుర్చీ అనే తేడా ఉండేది, అది డబ్బుల తేడా. ఊళ్లోకి తిరిగొస్తే వాడలు వేరే, టీ అంగడిలో గ్లాసులు వేరే. చీకట్లో మూడు గంటలు మాత్రం పక్కనున్నది ఎవరో ఎవరికీ పట్టదు.

ఆ మూడు గంటలు కూడా ఓర్చుకోలేని రోజు వచ్చింది. 1991 జులైలో ఒక హాల్లో చుండూరుకు చెందిన చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ గొడవ ఊళ్లోకి పాకింది, దళితులను సాంఘికంగా వెలివేశారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను తరిమి చంపారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కారంచేడుకు అప్పటికి ఆరేళ్లు.

కులాన్ని వర్ణవివక్షతో పోలుస్తావా, రెండూ వేరు కదా అని నా స్నేహితులే అడుగుతారు. వేరే, ఒప్పుకుంటాను. కానీ ఈ వాదనకూ ఒక చరిత్ర ఉంది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్‌లో దించిన కూలీల వెనకే వేలమంది తెలుగువాళ్లూ నేటాల్ చెరకు తోటలకు పోయారు. ఆ భారతీయుల సంతతికి జరుగుతున్న అన్యాయం మీద 1946లో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది మన దేశమే. అది మా ఇంటి వ్యవహారం, మీరు తలదూర్చొద్దు అన్నాడు దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్. 2001లో అదే డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. దళిత సంఘాలవాళ్లు పోయి కులం మాట కూడా చేర్చమన్నారు. కులం జాతి కాదు, ఇక్కడ దాని చర్చ వద్దు అంది భారత ప్రభుత్వం. స్మట్స్ వింటే ఆ గొంతును గుర్తుపట్టి ఉండేవాడు.

మళ్లీ పాల్సీ సినిమా దగ్గరికి. అందులో నాకు బాగా నచ్చేది విచారణ ఘట్టం. మార్లన్ బ్రాండో లాయరు మెకెంజీ. ఓడిపోతానని ముందే తెలిసినవాడి వెటకారంతో సాక్ష్యాలన్నీ బయటపెడతాడు. బెన్ కోర్టును నమ్ముతాడు, లాయరు నమ్మడు. తీర్పు పోలీసుల పక్షానే వస్తుంది. 2021 'జై భీమ్'లో కూడా లాకప్ చావు, లాయరు ఉన్నారు, కానీ అక్కడ కోర్టు గెలిపిస్తుంది. అది నిజంగా జరిగిన కేసు, కాబట్టి తప్పు పట్టలేం. అన్ని కేసులూ అట్లా అవ్వవని మాత్రం చుండూరు చెప్తుంది.

1989 చట్టం కింద ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. నేరం జరిగిన చోటికే కోర్టు రావాలన్నది దళితులు పోరాడి తెచ్చుకున్న సంగతి. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది.

చనిపోయినవాళ్లను చుండూరులో ఊరి మధ్యనే పాతిపెట్టారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. సీటుకు తగిలిన ఆ కాలితో మొదలుపెట్టి ఊళ్లోకొచ్చిన ఆ కోర్టు దాకా నడిచే తెలుగు కథాచిత్రం మాత్రం నేనింతవరకు చూడలేదు.