మా పిల్లాడికి ఏం తాగించారు?

విలేకరిగా ఇరవై ఏళ్ళలో ఈ సవాల్‌ని ఎన్ని ఇళ్ళల్లో విన్నానో లెక్కలేదు. కొడుకు ఏదో కొత్త గుంపులో చేరతాడు. ఒక బాబా దగ్గరికి వెళ్తాడు, లేదా మహదీ వచ్చేశాడని చెప్పే వాళ్ళ వెంట తిరుగుతాడు. మొహల్లా మసీదుకు రావడం మానేస్తాడు. అక్క ఇంట్లో దావత్ అయితే రాడు, వచ్చినా తినడు. అమ్మీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అడుగుతుంది, "మా పిల్లాడికి ఏం తాగించారు భాయ్?"

పాత సవాలే ఇది. మార్కోపోలో కూడా ఇదే అడిగాడు, జవాబు కూడా తనే చెప్పేశాడు. ఇరాన్ కొండల్లో ఒక ముసలాయన ఉండేవాడట, కుర్రాళ్ళకి ఏదో మత్తు తాగించి, పాలూ తేనే పారే తోటలో పడుకోబెట్టేవాడట. మెలకువ వచ్చిన కుర్రాడు అది జన్నత్ అనుకుని, మళ్ళీ అక్కడికి పోవడానికి ఎవర్ని చంపమంటే వాళ్ళని చంపేవాడట. హసన్ బిన్ సబ్బాహ్ 1090లో పట్టుకున్న అలమూత్ కోట గురించిన కథ ఇది. మంగోలులు ఆ కోటని కూల్చింది 1256లో. పోలో ఆ దారిన పోయింది అది మట్టి అయిపోయాక. ఇస్మాయిలీ చరిత్ర మీద పనిచేసిన ఫర్హాద్ దఫ్తరీ ఈ కథలు ఎవరి నోట ఎలా పెరిగాయో ఒక పుస్తకమే రాశాడు. అయినా ఆ తోట పోలేదు, మత్తూ పోలేదు. ఎందుకంటే తాగించారు అంటే ఒక ఆసానీ ఉంది. పిల్లాడు మన దగ్గర దొరకనిది వెతుక్కుంటూ పోయాడేమో అని ఆలోచించే జరూరత్ ఉండదు.

అదే కాలంలో బాగ్దాద్‌లో ఇమామ్ గజాలీ ఇంకాస్త లోతుగా చూశారు. 1092లో వజీర్ నిజాముల్ ముల్క్ కత్తిపోటుకు బలయ్యాడు. ఆ తర్వాత ఖలీఫా ముస్తజ్‌హిర్ కోసం బాతినీల మీద ఆయన ఒక కితాబ్ రాశారు. అందులో మనుషుల్ని గుంపులోకి లాగే మెట్లు వరసగా చెప్పారు. మొదటిది తఫర్రుస్, అంటే ముఖం చూసి మనిషిని చదవడం. ఉప్పు నేలలో విత్తనం వేయొద్దు, దీపం ఉన్న ఇంట్లో, అంటే ఆలిమ్ ఉన్న చోట, నోరు విప్పొద్దు. తర్వాత తానీస్, అంటే ఆ మనిషికి ఏది ఇష్టమో అదే మాట్లాడి దగ్గరవడం. ఆ తర్వాత తష్కీక్, మనసులో షక్ వేయడం. నెలసరిలో పోయిన రోజాలు మళ్ళీ పెట్టాలి గానీ పోయిన నమాజులు చేయక్కర్లేదు, ఎందుకు? నరకానికి తలుపులు ఏడే ఎందుకు? అడిగి వదిలేస్తారు. జవాబు చెప్పరు. అలా వేలాడదీయడం పేరు తాలీఖ్. జవాబు కావాలని వాడే వెంటపడ్డాక రబ్త్, నోరు కట్టేసే ప్రమాణం. ఇంకా మెట్లున్నాయి, చివరిది సల్ఖ్, తోలు ఒలిచినట్టు పాత దీన్‌ని ఒలిచేయడం.

ఇది దుష్మన్ రాసిన కితాబ్ అని మరచిపోవద్దు. దర్బార్ కోసం రాసింది. ఆనాటి ఇస్మాయిలీలు తమ గురించి ఇలా ఒప్పుకునేవారు కాదు. ఈనాటి ఇస్మాయిలీలకి ఇది అంటగట్టడం జుల్మ్. (మన కుతుబ్‌షాహీ గుంబజులకి మరమ్మతు చేయించింది ఆగాఖాన్ ట్రస్టే.) కానీ వేలాడదీయడం అన్నది మాత్రం గజాలీ సరిగ్గా పట్టారు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే సగం వీడియోలు చేసే పని అదే.

గజాలీ చెప్పింది లాగడం గురించి. నిలబెట్టుకోవడం మాటేమిటి? షక్ వేసిన వాడి వెంట మనిషి నెల రోజులు తిరుగుతాడు. ఇల్లు అమ్ముకుని, భార్యాపిల్లలతో వచ్చి, ఆకలికి ఓర్చుకుని, చివరికి కొరడా కింద చస్తాడా? దీనికి నాకు బాగ్దాద్‌లో జవాబు దొరకలేదు. రాజస్థాన్‌లోని బయానా అనే ఊళ్ళో దొరికింది. చెప్పినవాడు అక్బర్ దర్బార్‌లో ఉండి, రహస్యంగా తవారీఖ్ రాసుకున్న ముల్లా అబ్దుల్ ఖాదిర్ బదాయూనీ.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. జౌన్‌పూర్‌కి చెందిన సయ్యద్ ముహమ్మద్ (1443-1505) తానే మహదీనని ఎలాన్ చేశారు. మక్కాలో ఒకసారి, గుజరాత్‌లో మళ్ళీ. ఉలేమా ఊరుకోలేదు. ఊరూరా తరిమితే చివరికి ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని ఫరాహ్‌లో చనిపోయారు. ఆయన వెంట నడిచినవాళ్ళు మహదవీలు. వాళ్ళు కూడి బతికే చోటు పేరు దాయిరా, అంటే వలయం. తర్కె దునియా, తవక్కుల్, హిజ్రత్, సచ్చా మనుషుల సోహబత్, ఎడతెగని జిక్ర్ అక్కడి నియమాలు. వీటన్నిటికంటే నాకు పెద్దగా కనిపించేది సవియ్యత్. దాయిరాకి ఏది వచ్చినా తలకింత అని సమానంగా పంచడం.

షేర్‌షా కొడుకు ఇస్లామ్‌షా కాలంలో మియాఁ అబ్దుల్లా నియాజీ అనే పఠాన్ బయానా పొలిమేరలో ఒక చెరువు పక్క తోటలో మకాం పెట్టాడు. అంతకుముందు ఆయన సలీమ్ చిష్తీ మురీద్. ఆయన చేసిన పని చూడండి. చెరువు నుంచి కుండలతో నీళ్ళు తన నెత్తిన మోసుకొచ్చేవాడు. నమాజ్ వేళకి కట్టెలు కొట్టేవాళ్ళని, నీళ్ళు తోడేవాళ్ళని, చుట్టుపక్కల రైతుల్ని పోగుచేసేవాడు. పని పోతుందని ఎవరైనా నసిగితే జేబులోంచి నాలుగు పైసలు ఇచ్చి, బతిమాలి వరసలో నిలబెట్టేవాడు. బహస్ లేదు, మునాజరా లేదు. కట్టెలవాడికి ఆ ఊళ్ళో ఎవరైనా అంతకుముందు కూలి ఇచ్చి మరీ పక్కన నిలబెట్టుకున్నారా?

ఆ ఊళ్ళోనే షేక్ అలాయీ అనే పీర్ ఉండేవాడు. తండ్రి గద్దె, ఖాన్‌ఖా, మురీదులు, పేరు, అన్నీ ఉన్నవాడు. ఆయన ఒకరోజు ఈ తోటకి వచ్చి చూశాడు. దీన్ అంటే ఇది, మనం ఇన్నాళ్ళూ చేసింది విగ్రహాల పూజ అని తనవాళ్ళతో అన్నాడు. ఖాన్‌ఖాని వదిలేశాడు. ఇంట్లో ఉన్నది పంచేశాడు. పేదరికం ఓర్చుకోగలిగితే రా అని భార్యకి చెప్పి నియాజీ పక్కన చేరిపోయాడు. బీదవాడు మాత్రమే ఇలాంటి వాటిలో పడతాడు అనుకునేవాళ్ళు ఈ ముచ్చట గుర్తుపెట్టుకోవాలి. అన్నీ ఉన్నవాడికి తన గద్దె మీద తనకే షరం వేసింది.

మూడు వందల కుటుంబాలు చేరాయి. వ్యాపారం లేదు, సేద్యం లేదు. వచ్చింది పంచుకోవడం, రాకపోతే పస్తు. రెండు మూడు రోజులు తిండి లేకపోయినా ఒకడు ఇంకొకడికి చెప్పుకునేవాడు కాదట. రాత్రి గిన్నెలు బోర్లించేవాళ్ళు, పిండి గానీ ఉప్పు గానీ నీళ్ళు గానీ మర్నాటికి దాచకూడదని. బదాయూనీ ఇదంతా ఇష్టంగానే రాశాడు. ఆ కలంలోంచే ఇంకో మాట కూడా వచ్చింది. తండ్రి కొడుకుని, అన్న తమ్ముణ్ణి, భార్య భర్తని వదిలి ఆ దాయిరాలోకి వెళ్ళిపోయారు. అందరూ ఆయుధాలు కట్టుకుని తిరిగేవాళ్ళు. బజారులో షరీయత్‌కి ఎదురుగా ఏది కనిపించినా ముందు నచ్చచెప్పడం, వినకపోతే జబర్దస్తీ.

పట్టు ఎక్కడుందో ఇక్కడ కనిపిస్తుంది. దుకాణం మూసేసి వచ్చినవాడికి తిరిగి వెళ్ళడానికి దుకాణం లేదు. భర్తని వదిలి వచ్చిన ఆడమనిషికి తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేదు. లోపల అందరితో సమానంగా రొట్టె ఉంది, సలాముకి జవాబు ఉంది, నువ్వు ఫలానా అన్న పహెచాన్ ఉంది. గజాలీ చెప్పిన ప్రమాణం కంటే ఇది గట్టి తాడు. ప్రేమా నిజమే, తాడూ నిజమే. రెండిట్లో ఒకదాన్నే చూపించే కథల్ని నేను నమ్మను.

కొన్నేళ్ళ కింద పాతబస్తీలో ఇలాంటి ఒక గుంపులో చేరిన కుర్రాడితో మాట్లాడాను. అఖీదా గురించి గంటసేపు అడిగితే సరైన జవాబు ఒక్కటీ రాలేదు. తనకే తెలీదు. "జ్వరమొస్తే ముగ్గురు వచ్చి రాత్రంతా కూర్చున్నారన్నా. చిన్నప్పటి నుంచి పోయే మసీదులో నా పేరేంటని ఒక్కరూ అడగలేదు" అన్నాడు. వాళ్ళ అబ్బా కొట్టి, గదిలో పెట్టి తాళం వేశాడు. తాళం తీసిన రోజే వెళ్ళిపోయాడు.

తాళం వేస్తే ఏమవుతుందో ఇస్లామ్‌షా దర్బార్‌లోనూ తేలింది. మఖ్దూముల్ ముల్క్ అబ్దుల్లా సుల్తాన్‌పురీ అనే పెద్ద ఆలిమ్ పట్టుబట్టి షేక్ అలాయీని ఆగ్రాకి రప్పించాడు. చిరుగులు కుట్టిన బట్టలతో వచ్చి, దర్బారీ వంగుళ్ళేవీ లేకుండా మామూలు సలాం చెప్పి, దునియా గురించి అలాయీ మాట్లాడితే సుల్తాన్ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడట. లోపల్నుంచి ఖానా పంపిస్తే అలాయీ ముట్టలేదు. ఇది నీ హక్కు కాదు, ముసల్మానులది అన్నాడు. తర్వాత ఆయన్ని నర్మద ఒడ్డున దక్కన్ సరిహద్దులో ఉన్న హండియాకి వెళ్ళగొట్టారు. అక్కడి హాకిమ్, అతని ఫౌజ్‌లో సగానికి పైగా, ఆయన మురీదులైపోయారు. ప్లేగు పుండుతో మెడ చీకిపోయిన మనిషిని మళ్ళీ పిలిపించారు. నా చెవిలో ఒక్క మాట చెప్పు, ఈ అఖీదా వదిలేశానని, నిన్ను వదిలేస్తా అన్నాడు సుల్తాన్. అలాయీ వినిపించుకోలేదు. మూడో కొరడా దెబ్బకి ప్రాణం పోయింది. అది 1550. అంతకుముందు 1524లో గుజరాత్ ఫౌజు సయ్యద్ ఖుంద్‌మీర్‌ని, ఆయన వెంట ఉన్నవాళ్ళని చంపింది. షహీదులు దొరికిన గుంపుని ఫత్వా ఏం చేస్తుంది?

హుకూమత్ దొరికినప్పుడు మాత్రం కథ వేరు. అహ్మద్‌నగర్‌లో జమాల్‌ఖాన్ అనే మహదవీ 1589లో పేష్వా అయి, తన అఖీదానే రాజ్యానికి అఖీదా చేశాడు. 1591లో రోహన్‌ఖేడ్ లడాయిలో చనిపోయాడు, దాంతో అదీ పోయింది. మిగిలింది హుకూమత్‌లు కాదు, దాయిరాలు. హైదరాబాద్‌లోనూ వాళ్ళని ఒకప్పుడు నగరం నుంచి వెళ్ళగొట్టారు, మళ్ళీ వచ్చారు. ఇప్పుడు చంచల్‌గూడలో మహదవీలు మామూలు బిరాదరీ. పెళ్ళిళ్ళు, చదువులు, గల్ఫ్ వీసాలు. బహాదుర్ యార్ జంగ్ (1905-1944) వాళ్ళలో ఒకడు. ఆ మనిషి తఖ్రీర్ వినడానికి వచ్చిన వేల మంది సున్నీలకి ఆయన అఖీదా అడ్డు రాలేదు. కొరడా ఆగాక దాయిరాలోకి మనుషులు ఎక్కువగా పుట్టుకతోనే వచ్చారు, ఇల్లు వదిలి కాదు.

మరి నీళ్ళు మోసిన నియాజీ ఏమయ్యాడు? ఆయన్నీ చచ్చేదాకా కొట్టారు, చావలేదు. ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి, సర్‌హింద్‌లో స్థిరపడి, మహదవీ అఖీదాని తనంతట తానే వదిలేశాడు. ఏ ఆలిమ్ బహస్‌లోనూ ఓడిపోయి కాదు. తొంభై ఏళ్ళ దాకా బతికాడు. మఖ్దూముల్ ముల్క్ పోయాక లాహోర్‌లో ఆయన ఇంటివాళ్ళ సమాధుల్లోంచి శవాల బదులు బంగారు ఇటుకల పెట్టెలు బయటపడ్డాయని బదాయూనీ రాశాడు. జకాత్ తప్పించుకోవడానికి ఏడాది నిండే ముందు ఆస్తి బీవీ పేరు మీద రాసి, మళ్ళీ వెనక్కి తీసుకునేవాడట.

ఫతేపూర్ సిక్రీలో నియాజీ ఒకప్పుడు కూర్చున్న హుజ్రా ఉండేది. 1575లో అక్బర్ అక్కడే ఇబాదత్‌ఖానా కట్టించాడు. జుమా రాత్రుల్లో అందులో కూర్చుని, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలని తగువులాడుకున్న ఉలేమాలో మఖ్దూముల్ ముల్క్ కూడా ఉన్నాడు.